ఎల్వీరా మడత

గోధుమ పరకను పై కణుపు దగ్గర చిటుక్కున విరిచి, పొట్టు తొడుగును కిందికి లాగితే లోపలి కాడ నున్నగా, పసుప్పచ్చగా బయటికి వస్తుంది. కంకి తుంచి పక్కన పడేయాలి, కాడను నీళ్ళ గంగాళంలో వేయాలి. ఆ ఉదయం నేను రెండు కట్టలు ముగించి మూడో కట్ట విప్పాను. జూలై మొదటి వారం. కొడవలితో కోయించిన గోధుమ అది. మిషనుతో కోస్తే పరక నలిగిపోతుంది, గడ్డి జడ అల్లడానికి పనికిరాదు.

ఎల్వీరా అత్త గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఏప్రన్ కింద దాచుకుని, నా పని చూస్తూ కూర్చుంది. నాన్నకు అక్క ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. ఇంటి తాళాలు ఆవిడ నడుముకే ఉండేవి.

"మచ్చ ఉన్న పరక ఎందుకు వేశావే, దొనాతా? తీసెయ్. మరియమాత ముఖం చుట్టూ కట్టే గడ్డి అది. మీ అమ్మమ్మ ఊళ్ళో గాడిదలకు వేసేది కాదు."

పొయ్యి దగ్గర ఉన్న అమ్మ వెనక్కి తిరగకుండానే అంది, "మా ఊళ్ళో ఇప్పుడు గాడిదలు లేవు వదినా. అన్నిటినీ మీ ఊరివాళ్ళే కొనుక్కుపోయారు."

మా ఊరు సెర్రాపియానా. అమ్మది ఏటికి అవతల ఉన్న కాస్తెల్‌మోరో. వాళ్ళ చర్చి గంట మా ఇంట్లోకి వినిపిస్తుంది, మాది వాళ్ళకు వినిపిస్తుంది. మా ముత్తాతల నాటి సంగతొకటి ఉంది. వాళ్ళు రాళ్ళు రువ్వితే మా ఎద్దులు బెదిరి మరియమాత పండుగ రథం పడిపోయిందట. చూసినవాళ్ళెవరూ బతికి లేరు. అయినా అమ్మ ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళయినా, బజార్లో ఆమెను లిబెరా అని పిలిచినవాళ్ళు తక్కువ. "ఏటవతలిది" అనేవాళ్ళు.

ఆగస్టు పదిహేనున, మరియమాత పండుగకు, దేశమంతా దుకాణాలు మూసి సముద్రానికి పోతుంది. మా ఊళ్ళో మాత్రం ఎక్కడెక్కడికో పోయినవాళ్ళందరూ తిరిగొచ్చే రోజు అది. ముందురోజు సాయంత్రం మరియమాత రథం కదులుతుంది. చర్చి గంటల గోపురానికి సమానమైన ఎత్తు. కొయ్య చట్రానికి అడుగు నుంచి శిఖరం దాకా పలకలు, ఆ పలకల నిండా గోధుమ గడ్డి జడలు. ఒక్కో పలక ఒక్కో ఇంటిది. మాత బొమ్మ చుట్టూ ఉండే ముఖపలక మూడు తరాలుగా మాది. పదిహేనో తారీకున పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, పలకలు అల్లిన ఆడవాళ్ళ పేర్లు చదువుతారు. ముఖపలక పేరే మొదట.

అల్లే చేతులు ఈ ఊళ్ళో పుట్టినవై ఉండాలి. ఎక్కడా రాసి లేదు. రాయనవసరం లేనంతగా అందరికీ తెలుసు.

అమ్మ పొయ్యి మంట తగ్గించి, చేతులు తుడుచుకుని మా వైపు తిరిగింది.

"ఈ ఏడు నా పేరు చదవాలి."

"ఎక్కడ?" అంది అత్త.

"మెట్ల మీద."

అత్త నవ్వింది. "ఏమని చదవమంటావు? ఏటవతలి లిబెరా అనా?"

"లిబెరా అంటే చాలు."

"చదవకపోతే?"

"అల్లను."

అత్త చేతులు ఏప్రన్ కింద కదిలాయి గాని బయటికి రాలేదు. పదకొండేళ్ళ కిందట ఆ వేళ్ళు వాచి, వంకర్లు పోయి, బిగుసుకుపోయాయి. పరక పట్టుకుంటే జారిపోయేది. ఆ ఏడు ఒక మధ్యాహ్నం అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అమ్మ ఆమె ఒళ్ళోంచి గడ్డి తీసుకుని అల్లడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు ఏడేళ్ళు. ఆ పలక ఎల్వీరా పేరుతోనే వెళ్ళింది. ఆ తర్వాత పదిసార్లు అలాగే వెళ్ళింది.

అమ్మది ఎడమచేతి వాటం. ఊళ్ళో అందరి జడలూ కుడి అంచు నుంచి మడత పడతాయి, అమ్మ జడ ఎడమ అంచు నుంచి. దూరం నుంచి చూస్తే రథం మీది పరకలన్నీ ఒకవైపు వాలిన చేనులా ఉంటే, ముఖపలక ఒక్కటే గాలికి ఎదురు తిరిగినట్టు ఉండేది. జనం నోళ్ళు తెరిచారు. ముసలితనంలో ఎల్వీరా చెయ్యి కొత్త దారి పట్టిందన్నారు. దానికి "ఎల్వీరా మడత" అని పేరు పెట్టారు. పెళ్ళికెదిగిన ఆడపిల్లలు దాన్ని నేర్చుకోబోయి వేళ్ళు మెలిపెట్టుకున్నారు. అలాంటి మడత మన మట్టిలో పుట్టిన చేతికే వస్తుందని ఫాదర్ మికేలే గారు ఒకసారి ప్రసంగంలో కూడా చెప్పారు. అమ్మ ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్త గిన్నె ముట్టలేదు.

"చెప్పు జెనెరోసో, నీ పెళ్ళానికి చెప్పు. మాత ముందు మన పరువు తీస్తానంటోంది."

నాన్న రొట్టె ముక్కను చారులో ముంచి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. అది మెత్తబడి చారులో పడిపోయింది.

"రోక్కోతో మాట్లాడతాను," అన్నాడు.

రోక్కో తాత రథం కమిటీ పెద్ద. పేర్ల కాగితం ఆయన దగ్గరే ఉంటుంది.

"ఏం మాట్లాడతావు?" అంది అత్త.

"అదే. ఉన్నమాట."

"నోరు పడిపోతుందిరా నీకు."

అమ్మ నాన్న వైపు చూసింది. "ఉన్నమాటేనా?"

"ఉన్నమాటే."

మర్నాటి నుంచి అమ్మ అల్లడం మొదలుపెట్టింది.

*

నాలుగు రోజుల తర్వాత నాన్న రథం షెడ్డు వైపు బయల్దేరాడు. అమ్మ నా చేతికి తిండి మూట ఇచ్చి, "ఆయన తిరిగొచ్చేసరికి ఆలస్యమవుతుంది, ఇది ఇచ్చిరా," అంది. అందులో రొట్టె, జున్ను, వేయించిన మిరపకాయలు ఉన్నాయి. నేను నాన్నకు ఇరవై అడుగుల వెనక నడిచాను.

రోక్కో తాత నిచ్చెన దిగి, చేతులకు అంటిన జిగురు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నాన్న సిగరెట్ ఇచ్చాడు. ఇద్దరూ వెలిగించారు. నేను పలకల చాటున నిలబడ్డాను, మూట కింద పెట్టకుండా.

"ఏంటి జెనెరోసో, పని మానుకొని వచ్చావు?"

"ఏం లేదు. ఊరికే."

"అక్క బాగుందా? పలక ఎంతవరకు వచ్చింది?"

"అవుతోంది." నాన్న పొగ వదిలాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "రోక్కో, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

చట్రం మీద ఎవరో మేకు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా నాన్న ఆగాడు. ఆగాక ఆకాశం వైపు చూశాడు.

"ఈసారి వడగళ్ళు పడేట్టున్నాయి," అన్నాడు.

"పడనీ. గోధుమ ఇంటికొచ్చేసింది. ద్రాక్షతోటల వాళ్ళు ఏడుస్తారు."

ఇద్దరూ నవ్వారు. సిగరెట్లు అయ్యేదాకా వడగళ్ళ గురించే మాట్లాడుకున్నారు. తిరిగి వస్తూ నాన్న నన్ను చూశాడు. మూట తీసుకున్నాడు. "వెళ్దాం పద," అన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను. చూద్దామన్నాడు."

అమ్మ నావైపు తిరిగింది. నేను గంగాళంలో చెయ్యి పెట్టి పరకలు కదిపాను. నీళ్ళు మార్చాలి అన్నాను. మార్చాను.

*

నెల రోజులు మా వీధి గది కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. లోపల ఉక్కపోత. తడిగుడ్డలో చుట్టిన పరకలు అమ్మ ఒళ్ళో ఉండేవి. ఏడు పాయల జడ, మూర తర్వాత మూర ఆమె మోకాళ్ళ మీంచి నేల మీదికి జారి చుట్టలు చుట్టుకునేది. నేను జడలను కొలిచి, కత్తిరించి, పలక మీద సన్న మేకులతో బిగించేదాన్ని. అత్త తలుపు దగ్గర కాపలా.

ఎవరైనా బయట నుంచి "ఎల్వీరా!" అని కేకేస్తే చాలు. అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. అత్త ఆ కుర్చీలో కూలబడి, బిగుసుకుపోయిన వేళ్ళ మధ్య జడను గుచ్చుకుని, "ఎవరూ? రండి రండి. మాత పనిలో ఉన్నాను," అనేది. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడేవాళ్ళు. పని జరుగుతుండగా మడత చూడకూడదని అత్తే ఒక కట్టుబాటు పెట్టింది. వాళ్ళు వెళ్ళాక అమ్మ వచ్చి, అత్త వేళ్ళ నుంచి జడను విడిపించి, నలిగిన పరకలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టేది.

ఒకరోజు విడిపిస్తుంటే అత్త చెయ్యి లాక్కుంది.

"నొప్పి పుట్టేట్టు లాగుతావేం? పగ తీర్చుకుంటున్నావా?"

"పగైతే పదకొండేళ్ళ కిందటే పరక ముట్టేదాన్ని కాదు."

"ముట్టి ఏం ఉద్ధరించావు? నా పేరు పెట్టుకుని బతుకుతున్న చెయ్యి నీది. ఆ పేరు లేకపోతే అది ఒట్టి పుర్రచెయ్యి. చిన్నప్పుడు మీ అమ్మ కట్టేయలేదా దాన్ని?"

"కట్టేసింది," అంది అమ్మ. "బళ్ళో కూడా కట్టేశారు."

అంతే అంది. ఆ పూట ఇంకో నాలుగు మూరలు అల్లింది.

ఆగస్టు మొదట్లో సంతలో నీలం గుడ్డ కొని అమ్మ గౌను కుట్టుకుంది. అంతకుముందు ఏ పండుగకూ పేర్లు చదివే వేళకు అమ్మ మెట్ల దగ్గర ఉండేది కాదు. పూజ అవగానే ఇంటికొచ్చి కుండలు పొయ్యి మీద పెట్టేది. ఆ గౌను చూసి అత్త, "ఎవరి పెళ్ళి?" అంది.

పదో తారీకున పలకను కమిటీకి అప్పగించాలి. అత్త నల్ల గుడ్డ కప్పించి, "నువ్వు మొయ్యి," అని నాతో అంది. నేను మోశాను. షెడ్డులో గుడ్డ తీసినప్పుడు అందరూ దగ్గరికి జరిగారు. అత్త రోక్కో తాతను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నావైపు చూసి, కళ్ళజోడు తీసి, తల ఊపాడు. ఏం చెప్పిందో నేను అడగలేదు. అడగకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందరూ నన్ను నెమ్మదస్తురాలు అంటారు.

పధ్నాలుగు సాయంత్రం రథం కదిలింది. ఆరు జతల ఎద్దులు, నలువైపులా తాళ్ళు, తాళ్ళను పట్టి వెనక్కి వాలిన మగవాళ్ళు. చర్చి మలుపు దగ్గర శిఖరం ఒకసారి ఊగితే ఊరు ఊరంతా ఒకే కేక పెట్టింది. తర్వాత నిలబడింది. సాయంత్రపు ఎండలో రథమంతా ఒకవైపు మెరిసింది. ముఖపలక రెండోవైపు మెరిసింది. మా వెనక స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సబీనో బాబాయి ఎవరికో చెబుతున్నాడు, "అదిగో, మా ఎల్వీరక్క చెయ్యి అది."

అమ్మ నా పక్కనే ఉంది. చేతులు కట్టుకుని, ఎడమ చేతిని కుడి మోచేతి కింద దాచుకుని చూసింది.

*

పదిహేనున పూజ అయ్యాక జనం మెట్ల కింద గుమిగూడారు. అమ్మ నీలం గౌను వేసుకుని మొదటి వరుసలో నిలబడింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆమెకు చోటివ్వకుండా మోచేతులు బిగించారు. అమ్మ కదల్లేదు.

రోక్కో తాత కాగితం విప్పాడు.

"ముఖపలక. ఎల్వీరా కపోబియాంకో."

చప్పట్లు. అత్త తల వంచింది. అమ్మ రోక్కో తాత నోటినే చూస్తోంది. ఆయన చెయ్యెత్తి చప్పట్లు ఆపాడు.

"ఆగండి, ఇంకో పేరు ఉంది. ఈ ఏటి నుంచి ఎల్వీరా తన మడతను తర్వాతి తరానికి అప్పగిస్తోంది."

అమ్మ భుజాలు నిటారుగా అయ్యాయి.

"దొనాతా కపోబియాంకో! ఏదమ్మా, ఎక్కడున్నావు? చెయ్యెత్తు, జనం చూస్తారు!"

అందరూ వెతుకుతున్నారు. అత్త నా నడుము మీద పొడిచింది. అల్లింది నేను కాదని చెప్పడానికి చాలా సమయం ఉన్నట్టే అనిపించింది. అయినా చెయ్యెత్తాను.

చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరో నా బుగ్గ మీద ముద్దుపెట్టారు. నేను చెయ్యి దించి చూసేసరికి అమ్మ నాన్న వైపు తిరిగి ఉంది. నాన్న టోపీ లోపలి అంచును వేలితో తడుముతున్నాడు.

*

భోజనాలకు రోక్కో తాతను అత్తే పిలిచింది. బల్ల మీద చేత్తో చుట్టిన మకరోని, గొర్రెపిల్ల మాంసం, కాల్చిన మిరపకాయలు. నూతిలో వేలాడదీసిన పుచ్చకాయ. అమ్మ నీలం గౌను మీద ఏప్రన్ కట్టుకుని వడ్డించింది. ఎప్పటిలా నిలబడే ఉంది.

"కూర్చో వదినా," అన్నాడు సబీనో బాబాయి, మాంసం నములుతూ.

"ఆవిడకు నిలబడి తినడమే అలవాటు," అంది అత్త. "ఏటవతల కుర్చీలు లేవుగా."

బల్ల చుట్టూ నవ్వులు. రోక్కో తాత గ్లాసులో అమ్మ వైన్ పోస్తూ ఆగింది.

"రోక్కో గారూ, జూలైలో మా ఆయన మీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడమ్మా. షెడ్డుకొచ్చాడు."

"ఏం చెప్పాడు?"

"వడగళ్ళు పడతాయన్నాడు." తాత నవ్వాడు. "పడలేదు. జెనెరోసో జోస్యం ఎప్పుడూ అంతే."

అమ్మ గ్లాసు నిండా పోసింది. సీసా బల్ల మీద పెట్టింది. నాన్నను చూడలేదు. నన్ను చూసింది. ఆ రోజు తిండి మూట తనే నా చేతికిచ్చిందని ఆమెకు గుర్తుంది. నేను కంచంలోకి తల వంచుకున్నాను.

తాత మూతి తుడుచుకుని కుర్చీ వెనక్కి జరిపాడు. "దొనాతా, ఇలా రా. పదకొండేళ్ళుగా ఆ మడత ఎలా పడుతుందో నాకు అంతుబట్టలేదు. ఎల్వీరా చూడనివ్వదు. నువ్వైనా చూపించు. ఒక్క జానెడు చాలు."

"ఇవాళ పండుగ," అంది అత్త వెంటనే. "ఇవాళ సూది కూడా పట్టకూడదు."

"మాత పని పని కాదు ఎల్వీరా. తెప్పించు."

కిటికీ మీద తడిగుడ్డలో మిగిలిన పరకలున్నాయి. సబీనో బాబాయే లేచి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "కానీ, కానీ! స్విట్జర్లాండ్‌లో గడియారాలు చేసేవాళ్ళకు కూడా రాదట ఇది!"

ఏడు పరకలు తీసి కొసలు కట్టాను. ఆ మడతను నేను వేలసార్లు చూశాను. ఎక్కడ వేలు పెట్టాలో, ఎక్కడ తిప్పాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎడమ అంచు పరకను పట్టుకున్నాను. వేళ్ళ కింద అది చిట్లింది. ఇంకోటి తీశాను. రెండు మడతలయ్యేసరికి నా చేతులు వాటి అలవాటుకు అవి తిరిగిపోయాయి. జడ కుడివైపుకు వాలింది.

"పిల్ల కంగారు పడుతోంది," అంది అత్త. "అందరూ అలా మీద పడితే ఏ చెయ్యైనా వణుకుతుంది."

తాత ముందుకు వంగి జడను చూశాడు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఉండే జడ అది. నలభై ఏళ్ళుగా గడ్డి చూస్తున్న మనిషి ఆయన. నా చేతులు చూశాడు. ఏప్రన్ కింద అత్త చేతులున్న చోటు చూశాడు. తర్వాత బల్ల చివరికి చూశాడు. అక్కడ అమ్మ పుచ్చకాయ కోస్తోంది. కత్తి ఎడమ చేతిలో ఉంది.

కత్తి కాయను చీల్చే చప్పుడు ఒక్కటే వినిపించింది. తాత చూస్తూనే ఉన్నాడు. అమ్మ తలెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ కత్తిని చెయ్యి మార్చలేదు.

తాత కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఎల్వీరా," అన్నాడు, "ఈ మడత నీతోనే పోతుందన్నమాట."

"దేవుడి చిత్తం," అంది అత్త.

"వచ్చే ఏడు ముఖపలక కూడా మామూలు జడతోనే కానిద్దాం. దొనాతా అల్లుతుంది. ఏమంటావు జెనెరోసో?"

"మీ ఇష్టం," అన్నాడు నాన్న.

తాత చెయ్యి చాపాడు. "ఏదమ్మా, ఆ పుచ్చకాయ ముక్క ఇటివ్వు. చల్లగా ఉన్నట్టుంది."

అమ్మ ఆయన కంచంలో ముక్క పెట్టింది. మిగిలిన ముక్కలు వరసగా అందరికీ పెట్టింది. నాకూ పెట్టింది. కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టింది. ఏప్రన్ విప్పి, మడిచి, బల్ల దగ్గర తను ఎన్నడూ కూర్చోని కుర్చీ మీద పెట్టింది.

"లిబెరా," అన్నాడు నాన్న. "ఎక్కడికి? ఇవాళ బస్సులు కూడా ఉండవు."

"నీళ్ళకేమో," అంది అత్త, గింజ ఉమ్ముతూ.

అమ్మ గుమ్మం దాటి, తలుపును వెనక్కి దగ్గరగా లాగి, ఏటి వైపు మెట్లు దిగింది.